కొత్త నాణెము, యంత్రబుద్ధి: వీనికి కట్టుబాటెవరిది?

మన తాతలనాడు ఈ తెలంగాణమున రెండు రూపాయలు చెలామణిలో నుండెడివి. ఒకటి హాలీ సిక్కా, రెండవది కల్దారు. హాలీ నిజాము సర్కారువారిది; కల్దారు ఆంగ్లేయ ప్రభుత్వమువారిది. మెండోర రైతు తన పసుపును నిజామాబాదున అమ్ముకొన్నచో చేతికి హాలీ వచ్చెడిది. ఆ రైతే రాజ్యపు పొలిమేర దాటి బెజవాడకో షోలాపురమునకో పోవలసివచ్చినచో హాలీని కల్దారుగా మార్చుకొనక తప్పెడిది కాదు. 7 హాలీ రూపాయలకు 6 కల్దారు రూపాయలనుట నాటి లెక్క. మార్చువాడు తన వట్టమును తాను పట్టుకొనెడివాడు. “హాలీయా, కల్దారా?” యని ముందుగా అడుగక బేరమాడినవాడు పిమ్మట నష్టపడెడివాడు.

ఈ పాతముచ్చటను ఏల ఎత్తుకొంటిననగా, నేడు మరల అట్టి ప్రశ్నయే మన వాకిటికి వచ్చియున్నది. కంటికి కనబడని నాణెమొకటి, మనిషివలె లెక్కించి తీర్పుచెప్పు యంత్రమొకటి, ఈ రెండును లోకమున వ్యాపించుచున్నవి. మొదటిదానిని డిజిటల్ కరెన్సీ యనియు, రెండవదానిని కృత్రిమమేధ యనియు పత్రికలవారు వ్రాయుచున్నారు. ఇవి పట్టణవాసుల విషయములు, మనకేల యని యనుకొనరాదు. దుబాయినుండి కొడుకు పంపు సొమ్ము, ఇంటి రేషనుకార్డు, కౌలురైతు తీసికొను అప్పు, ఇన్నింటిలోనికి అవి ప్రవేశించినవి. వీనిని పాలించువారెవరు? తప్పు జరిగినచో జవాబు చెప్పువారెవరు? రాజ్యములు ఒకదానితోనొకటి పోటీపడుచుండగా కట్టుబాటెట్లు నిలుచును? ఈ మూడు ప్రశ్నలను నేటి ప్రసంగమున విచారింతము.

నాణెమునకు ప్రాణమేది?

నాణెమునకు వెండియే ప్రాణమని పూర్వులు తలచిరి. 1918లో హైదరాబాదు ప్రభుత్వము కాగితపు నోట్లను వెలువరించినపుడు ఆ తలంపు సడలినది. కాగితమునకు విలువ యెక్కడిది? దానిపై వ్రాసిన మాటకు విలువ. ఆ మాట యిచ్చినవాడు దానిని నిలుపుకొనునను నమ్మకమునకు విలువ. 1942లో హైదరాబాదు స్టేటుబ్యాంకు పని ప్రారంభించి ఆ నోట్ల వ్యవహారమును చూచుకొనసాగెను.

1948లో సంస్థానము భారతదేశమున కలిసినది. అంతట హాలీ ఒక్కరాత్రిలో చెల్లనిదై పోయెనా? పోలేదు. 1950లో భారతరూపాయి దాని ప్రక్కన వచ్చి నిలిచినది. 1951లో కొత్త హాలీ విడుదల ఆగినది. 1959లో గాని హాలీ పూర్తిగా రద్దు కాలేదు. అనగా మార్పిడిరేటు అందరికిని తెలిసినది, గడువు దీర్ఘమైనది, మార్చి యిచ్చుటకు బాధ్యతగల సర్కారున్నది. పెట్టె యడుగున దాచి మరచినవాడు తప్ప తక్కినవారెవరును నష్టపడవలసిన పని లేకపోయెను.

దీనినుండి మనము మూడు లక్షణములను గ్రహింపవచ్చును. మంచి నాణెమునకు దానిని విడుదల చేసినవాడెవడో తెలియవలెను. మార్పిడిరేటు ఎవరిచేత, ఎట్లు నిర్ణయింపబడుచున్నదో తెలియవలెను. చెల్లకపోవు కాలము వచ్చినచో పోయి నిలబడుటకు ఒక గుమ్మముండవలెను. ఈ మూడు తూనికరాళ్లను చేతబట్టుకొని కొత్త నాణెములను తూచి చూతము.

ఫోనులోని నాలుగు విధముల ధనము

ఫోనులో కనబడు ధనమంతయు ఒక్కటే యని చాలమంది భ్రమపడుచున్నారు. నిజమునకు అది నాలుగు విధములు.

మొదటిది, 2016లో మొదలైన యూపీఐ పద్ధతి. కిరాణాదుకాణమున గళ్లబొమ్మకు ఫోనుచూపి చెల్లించుట ఇదియే. ఇది కొత్త నాణెము కాదు. బ్యాంకులోని మన పాతరూపాయినే ఒక ఖాతానుండి మరియొక ఖాతాకు నడిపించు బండి మాత్రము. ఆ సొమ్మునకు బ్యాంకు బాధ్యత వహించును. బ్యాంకు మూతపడినను ఒక్కొక్క డిపాజిటుదారునకు 5 లక్షల రూపాయలవరకు బీమా కలదు.

రెండవది డిజిటల్ రూపాయి. ఇది నిజముగా నోటునకు తమ్ముడు. 2022లో పార్లమెంటు 1934నాటి రిజర్వుబ్యాంకు చట్టమును సవరించి, బ్యాంకునోటు డిజిటల్ రూపమునను ఉండవచ్చునని చేర్చినది. ఆ యేడు డిసెంబరు 1వ తేదీన సామాన్యుల కొరకు దీని పరీక్ష బొంబాయి, ఢిల్లీ, బెంగుళూరు, భువనేశ్వరములలో మొదలై, పిమ్మట హైదరాబాదు మొదలగు నగరములకు విస్తరించినది. దీనికి బాధ్యుడు మధ్యనున్న బ్యాంకు గాదు, స్వయముగా రిజర్వుబ్యాంకే. నోటువలెనే దీనిపై వడ్డీ రాదు. 100 రూపాయల నోటునకును 100 డిజిటల్ రూపాయలకును వట్టము లేదు. మన మూడు తూనికరాళ్లకును ఇది సరితూగుచున్నది.

మూడవది బిట్‌కాయిన్ మొదలగునవి. 2008లో సతోషి నకమోతో అను మారుపేరుతో ఎవరో ఒక పత్రమును ప్రకటించిరి. 2009లో ఆ నాణెము పుట్టినది. దాని కీలకమిది: ఊరి దస్త్రము ఒక్క పట్వారిచేతనే యున్నచో అతడు దిద్దగలడు. దాని నకలు వేయిమంది చేతులలోనున్నచో ఒక్కడు దిద్దినను తక్కినవారి నకళ్లు వానిని పట్టి యిచ్చును. బిట్‌కాయిన్ పద్దుపుస్తకము లోకమంతట వేలకొలది కంప్యూటర్లలో ఇట్లే వ్రాయబడుచున్నది. మొత్తము 2 కోట్ల 10 లక్షలకు మించి ఆ నాణెములు పుట్టవు. ఇది తెలివైన యేర్పాటే. అయినను విడుదల చేసిన దొర యెవడో తెలియదు. రేటు నిర్ణయించునది కొనువారి ఆశయును భయమును మాత్రమే. పోయి నిలబడుటకు గుమ్మము లేదు. 2021 నవంబరులో ఒక్కొక్క బిట్‌కాయిన్ సుమారు 69 వేల డాలర్లు పలికి, సంవత్సరము తిరుగకమున్నే 16 వేలకు దిగినది. పిమ్మట మరల పెరిగినది. పెరుగుట విరుగుటలు ఇంతగా గల వస్తువు జూదమునకు పనికివచ్చునేమోగాని, బిడ్డ పెండ్లికి దాచుకొను సొమ్మునకు పనికిరాదు.

నాలుగవది స్టేబుల్‌కాయిన్. ప్రైవేటు కంపెనీలు దీనిని విడుదల చేసి, ఒక్కొక్కదానికి ఒక డాలరు మా యొద్ద నిలువయున్నదని మాటయిచ్చును. ఆ నిలువ నిజముగా నున్నదా, దానిని తనిఖీచేయువారెవరు అనునదే ఇందలి ప్రాణము. అమెరికాలో దీనికొరకు 2025 జూలైలో ప్రత్యేక చట్టము పుట్టినది.

మన దేశమున ఈ చివరి రెండింటి విషయమై ఎన్నో మలుపులు కలిగినవి. 2018 ఏప్రిల్‌లో రిజర్వుబ్యాంకు, ఇట్టి నాణెముల వర్తకులకు సేవచేయరాదని బ్యాంకులను కట్టడిచేసినది. 2020 మార్చి 4న సుప్రీంకోర్టు ఆ ఉత్తరువును కొట్టివేసినది. 2022లో ప్రభుత్వము వీనిపై వచ్చు లాభమునకు నూటికి 30 వంతులు పన్ను విధించినది. 2023 మార్చిలో ఆ వర్తకులను అక్రమధన నిరోధక చట్టము క్రిందికి తెచ్చినది. పన్ను వేసినారు గావున సర్కారు దీనిని ఒప్పుకొన్నదని దళారులు చెప్పుదురు. అది వట్టిమాట. పన్ను వేయుట వేరు, హామీ యిచ్చుట వేరు. నష్టము వచ్చిననాడు ఆ సర్కారు మీ సొమ్మును తెచ్చి యీయదు.

షరతుగల రూపాయి

డిజిటల్ రూపాయి మన తూనికరాళ్లకు సరితూగినదంటిని. అయినను దానియందొక కొత్తగుణము కలదు. పెద్దలు దానిపై మనసు పెట్టవలెను. ఆ రూపాయికి షరతు కట్టవచ్చును. ఫలానా పనికి మాత్రమే చెల్లును, ఫలానా గడువులోపల చెల్లును అని దాని లోపలనే వ్రాసి పంపవచ్చును.

ఇది ఊహ గాదు. మన పొరుగున ఆంధ్రప్రదేశమునందును, ఒడిశాయందును ఎంపికచేసిన చోట్ల కౌలురైతులకు ఇట్టి రూపాయలతో అప్పిచ్చు పరీక్షను భారతీయ స్టేటుబ్యాంకు ప్రారంభించినట్లు రిజర్వుబ్యాంకు గవర్నరు 2024లో తెలిపిరి. ఆ రూపాయలు విత్తనములు, ఎరువులు మొదలగు సాగుసామగ్రికే చెల్లును.

దీనిలోని మేలేమి? కౌలురైతు పేరున పట్టా యుండదు. పట్టా లేనివానికి బ్యాంకు అప్పీయదు. అందుచే అతడు వడ్డీవ్యాపారిని ఆశ్రయించును. అప్పు సాగునకే పోవునను ధైర్యమున్నచో బ్యాంకు ముందునకు రావచ్చును. పట్టా లేని చేతికి పరపతి కలుగును. ఇది చిన్నమేలు కాదు.

మరి కీడేమి? నాట్లు వేసిన వారము దినములకు రైతుబిడ్డకు జ్వరము వచ్చినదనుకొందము. చేతిలో రూపాయలున్నవి, మందులదుకాణమున అవి చెల్లవు. అప్పుడతడు మరల ఆ వడ్డీవ్యాపారి గడపయే తొక్కవలెను. మామూలు నోటు తన్ను కలిగినవానిని “నీకేల?” యని ప్రశ్నింపదు. షరతుగల రూపాయి ప్రశ్నించును. నేడు ఎరువులకు కట్టిన షరతు రేపు ఫలానా కంపెనీ యెరువునకే కట్టబడినచో రైతుగతి యేమి? కావున షరతును ఎవరు కట్టవచ్చును, దేనికి కట్టవచ్చును, ఆపత్కాలమున దానిని విప్పువారెవరు అను మూడు మాటలును ముందుగనే చట్టమున వ్రాయబడవలెను. పగ్గము అవసరమే, పగ్గము పట్టినవానికిని పగ్గము అవసరమే.

యంత్రబుద్ధి యనగా నేమి?

ఇక రెండవ విషయము. కృత్రిమమేధ యనగా మంత్రము గాదు. పసుపుకొమ్మును చేతబట్టి విరిచి, రంగుచూచి, వాసన చూచి ధర చెప్పగల అనుభవశాలి మన మార్కెటులో నుండును గదా. అతడు దానిని గ్రంథములు చదివి నేర్చుకొనలేదు. లక్షకొమ్ములు చూచి నేర్చుకొన్నాడు. ఈ యంత్రమును అట్లే. లక్షలకొలది పాతలెక్కలను, బొమ్మలను, వ్రాతలను దానికి చూపుదురు. వానిలోని పోలికలను అది పట్టుకొని, కొత్తదానిని చూచినపుడు ఇది ఫలానాది కావచ్చునని ఊహించి చెప్పును. అది చెప్పునది ఊహయే కాని సత్యప్రమాణము గాదు. చూపిన లెక్కలలో తప్పున్నచో చెప్పు మాటలోను తప్పుండును.

దీని మేలు మన రాష్ట్రముననే కనబడినది. 2020వ సంవత్సరమును తెలంగాణ ప్రభుత్వము కృత్రిమమేధా సంవత్సరముగా ప్రకటించినది. పిమ్మట “సాగు బాగు” అను పేర ఖమ్మంజిల్లాలో 7,000 మంది మిరపరైతులకు ఈ యంత్రము సాయమున పంటసలహాలు, మట్టిపరీక్షలు, నాణ్యతపరీక్షలు అందించిరి. 2023లో వ్యవసాయపు లెక్కలను క్రమముగా పంచుకొనుటకు ఒక వేదికను నెలకొల్పి, రైతు సమాచారమును ఎట్లు వాడవలెనను కట్టుబాటు పత్రమును గూడ వెలువరించిరి. పొలము లెక్క రైతుదే యను భావము అందు మూలము.

రేషనుకార్డు కథ

అయితే కీడును ఈ రాష్ట్రముననే కనబడినది. పలుశాఖల దస్త్రములను ఒకచోట చేర్చి, ఈ మనిషి ఆ మనిషే యని పోల్చు “సమగ్ర వేదిక” యను యంత్రవిధానమును మన ప్రభుత్వము కొన్నియేండ్ల క్రిందట వాడుకలోనికి తెచ్చినది. అనర్హులు రేషను తినకుండుట దాని ఉద్దేశము. ఉద్దేశము మంచిదే. కాని పేర్లు కలిసినచోట యంత్రము తడబడినది. ఎవరిదో కారు మరెవరి పేదయింటి లెక్కలోనో చేరిన ఉదంతము పత్రికల కెక్కినది. కారున్నవానికి బియ్యమేల యని కార్డు తీసివేయబడినది. ఇంటికి వచ్చి చూచినవారు లేరు. నోటీసు వచ్చినది లేదు. దుకాణమునకు పోయిన దినముననే కార్డు లేదని తెలిసినది.

విషయము సుప్రీంకోర్టువరకు పోయెను. 2016 మొదలు తొలగింపబడిన సుమారు 19 లక్షల కార్డులను ఇంటింటికి పోయి మరల విచారింపవలెనని 2022 ఏప్రిల్‌లో ఆ న్యాయస్థానము ఆదేశించెను. ఆ 19 లక్షలును తప్పుగా తొలగినవనిగాని, అన్నియు యంత్రముచేతనే తొలగినవనిగాని నేను చెప్పుట లేదు. వానిలో నిజముగా అనర్హమైనవియు నుండెను. కాని విచారణ ముందుండి తొలగింపు వెనుక నుండవలసినది. ఇక్కడ తొలగింపు ముందై విచారణ వెనుకబడినది. ఆకలి మధ్యకాలమున ఆగదు గదా.

పెద్దలలో కొందరికి పటేలు పట్వారీల కాలము జ్ఞాపకముండును. పహాణీలో పట్వారి కలముతో వ్రాసినదే వేదము. ఆ కలమునకు ఊరు భయపడెడిది. అయినను పట్వారికి ఇల్లుండెడిది, ముఖముండెడిది. అతని అరుగుమీద కూర్చుండి తగవాడవచ్చును. తహసీలుదారుకు అర్జీ పెట్టవచ్చును. యంత్రమునకు అరుగు లేదు. దానిముందు నిలిచిన గుమాస్తా “కంప్యూటరు ఒప్పుకొనుట లేదు” అనును. ఆ ఒక్కమాటతో బాధ్యత గాలిలో కలిసిపోవును. కృత్రిమమేధను పాలించుట యనగా, ముఖ్యముగా, ఆ మాటను జవాబుగా అంగీకరింపకుండుటయే.

రాజ్యముల పోటీ

ఇంత అవసరమైన కట్టుబాటును రాజ్యములన్నియు కూడి ఏల చేసికొనవు? పోటీయే కారణము. వేగముగా ఉరుకువాడు తన కాలికి తాడుకట్టుకొనుటకు ఇష్టపడడు. తాను ఆగినచో ప్రక్కవాడు ముందునకు పోవునని భయము.

ధనవిషయమున చూతము. 2022లో యుక్రెయిన్ యుద్ధము వచ్చినపుడు పశ్చిమరాజ్యములు రష్యాబ్యాంకులను అనేకములను అంతర్జాతీయ సందేశవ్యవస్థనుండి వెలివేసి, ఆ దేశపు నిలువధనమును స్తంభింపజేసినవి. అది చూచి అనేకదేశములు డాలరు దారిని తప్పి నడచు మార్గములను వెదకసాగినవి. చీనాదేశము 2020 మొదలే తన డిజిటల్ యువానును నగరములలో పరీక్షించుచుండెను. ఐరోపావారు డిజిటల్ యూరోకై సన్నాహములు చేయుచున్నారు. అమెరికా మాత్రము వేరుదారి పట్టినది. 2025 జనవరిలో అధ్యక్షుని ఉత్తరువుచే కేంద్రబ్యాంకు డిజిటల్ నాణెము అక్కడ నిషేధింపబడి, డాలరునకు ముడిపెట్టిన ప్రైవేటు నాణెములకు ప్రోత్సాహము కలిగినది.

ఈ పోటీ మన యిండ్లనెట్లు తాకును? మన నిజామాబాదు ప్రాంతమునుండి వేలమంది బిడ్డలు గల్ఫుదేశములలో చెమటోడ్చుచున్నారు. వారు పంపు దిర్హము డాలరుగా మారి, పిమ్మట రూపాయిగా మారినచో రెండుచోట్ల వట్టము పోవును. హాలీ కల్దారుల కథయే యిది. 2023 మార్చిలో మన రిజర్వుబ్యాంకును, అరబ్బు ఎమిరేట్ల కేంద్రబ్యాంకును డిజిటల్ నాణెముల విషయమై కలసి పరిశోధించుటకు ఒడంబడిక చేసికొన్నవి. ఆ యేటి జూలైలో రూపాయి దిర్హములతోనే నేరుగా వ్యవహరించుటకు మరియొక ఒడంబడిక కుదిరినది. ఇవి చక్కగా ఫలించినచో వట్టము తగ్గును. హుండీవాని యవసరము తగ్గును. కట్టుబాటు లేక ఎవరికి వారు తమతమ నాణెములను నడిపించినచో మన బిడ్డల చెమట మరల మారకపువాని పాలగును.

యంత్రబుద్ధి విషయమునను ఇట్లే. 2022 అక్టోబరులో అమెరికా తన మేలైన చిప్పులు చీనాకు పోకుండ కట్టడిచేసినది. చీనావారు తమ స్వంత యంత్రములను నిర్మింపసాగిరి. ఐరోపావారు 2024 ఆగస్టు 1న ఒక సమగ్రచట్టమును అమలులోనికి తెచ్చిరి. అపాయమునుబట్టి యంత్రములను తరగతులుగా విభజించుట దాని పద్ధతి. మనుష్యుల నడవడికి మార్కులువేసి దండించు యంత్రములను అది నిషేధించినది. ప్రభుత్వసహాయమునకు అర్హుడెవడో నిర్ణయించు యంత్రములను అధికాపాయ తరగతిలో చేర్చినది. మన రేషనుకార్డు కథ సరిగా ఆ తరగతిలోనిదే. భారతదేశము 2023లో వ్యక్తిగత సమాచార రక్షణచట్టమును చేసినది; 2024 మార్చిలో 10,372 కోట్ల రూపాయల వ్యయముతో దేశీయ కృత్రిమమేధా ప్రణాళికను అంగీకరించినది; 2025 నవంబరులో కృత్రిమమేధకు మార్గదర్శక సూత్రములను ప్రకటించినది. అవి సూత్రములే కాని శిక్షగల చట్టము గాదు.

రాజ్యములు కలసి కూర్చుండలేదా? కూర్చుండినవి. 2023 నవంబరులో ఇంగ్లండునందలి బ్లెచ్‌లీ పార్కులో అమెరికా, చీనా, భారతదేశములతో సహా 28 దేశములు అపాయములను గుర్తించుచు ప్రకటన చేసినవి. 2025 ఫిబ్రవరిలో పారిసు నగరమున ఫ్రాన్సు, భారతదేశముల ఉమ్మడి అధ్యక్షతను మరల సభ జరిగినది. ఆ ప్రకటనపై అమెరికా, బ్రిటనులు సంతకము చేయలేదు.

గోదావరి చెప్పు మాట

పోటీపడువారి మధ్య కట్టుబాటు అసాధ్యమని కొందరందురు. వారికి నేను పోచంపాడు కట్టను చూపుదును. మెండోరవారికి ఆ 42 గేట్లు ఇంటిముంగిటివి. ఎగువన మహారాష్ట్రమువారు బాబ్లీవద్ద ఆనకట్ట కట్టినపుడు మనకెంత కలత కలిగినదో మీకు తెలియును. శ్రీరామసాగరమునకు నీరు రాదని మనము, మా భాగపు నీటినే మేము నిలుపుకొనుచున్నామని వారు. ఇరువురికిని నీరు కావలెను, ఇరువురికిని పోటీ.

2013 ఫిబ్రవరి 28న సుప్రీంకోర్టు తీర్పుచెప్పినది. ఆనకట్టను పడగొట్టుమనలేదు, ఇష్టము వచ్చినట్లు వాడుకొనుమనియు ననలేదు. జూలై 1 మొదలు అక్టోబరు 28వరకు గేట్లు ఎత్తియుంచవలెననియు, మార్చి 1న 0.6 టీఎంసీల నీటిని క్రిందికి విడువవలెననియు స్థిరమైనది. చూచుకొనుటకు ముగ్గురుగల సంఘము ఏర్పడినది. అందు కేంద్రజలసంఘమువారొకరు, ఒక్కొక్క రాష్ట్రమువారొకరు. ఆ తీర్పు అందరికిని తృప్తి కలిగించెనని చెప్పజాలము. కాని యేటేట ఆ దినమున గేట్లు లేచుటను ఇరుపక్షములవారును కన్నులార చూచుచున్నారు.

ఇందులోని పాఠమేమి? కట్టుబాటునకు ప్రేమ అవసరము లేదు. తేదీ కావలెను, కొలత కావలెను, ఇరుపక్షములనుండి చూచు కన్నులు కావలెను. నేడు లోకమున కృత్రిమమేధపై వెలువడు ప్రకటనలలో మంచిమాటలున్నవి. తేదీలు, కొలతలు, చూచు కన్నులు కొరతగా నున్నవి. గేటు కంటికి కనబడును. యంత్రములోని లెక్క కంటికి కనబడదు. కావున దాని పుస్తకములను విప్పి చూపింపజేయు అధికారము ఇంకను ముఖ్యము.

మనము చేయవలసినది

ఇదంతయు ఢిల్లీలోను పారిసులోను తేలవలసినది గదా, మెండోరలో మనమేమి చేయగలమని అడుగవచ్చును. చేయవలసినవి నాలుగు కలవు.

మొదటిది: కొత్త నాణెములో సొమ్ము పెట్టుమని యెవరైన వచ్చినచో, చుట్టమైనను సరే, మన మూడు తూనికరాళ్లను బయటికి తీయుడు. విడుదల చేసినవాడెవడు? రేటెవరిది? నష్టమైనచో పోవలసిన గుమ్మమెక్కడ? మూడింటికి జవాబు రానిచో రూపాయి తీయవలదు.

రెండవది: సర్కారు సహాయము ఆగినపుడు కంప్యూటరు ఒప్పుకొనలేదను మాటతో తిరిగి రావలదు. 2005నాటి సమాచారహక్కు చట్టములోని 4వ సెక్షను ప్రకారము, పరిపాలనా నిర్ణయమువలన బాధితుడైనవానికి కారణములను తెలుపుట అధికారుల విధి. నిర్ణయము మనిషి చేసినను యంత్రము చేసినను ఆ విధి తప్పదు. వ్రాతమూలముగా కారణమడుగుడు, వ్రాతమూలముగా అప్పీలు చేయుడు.

మూడవది: గ్రామసభలో తొలగిన పేర్లను చదివించుడు. ఊరిలో ఎవరికి కారున్నదో, ఎవరికి గుడిసె యున్నదో ఏ యంత్రముకంటెను ఊరికే బాగుగా తెలియును. యంత్రము జాబితా నిచ్చుగాక. తీసివేయుటకు ముందు ఆ జాబితా ఊరి ముందునకు రావలెనని పట్టుపట్టుడు.

నాలుగవది: గొంతును నమ్మి సొమ్ము పంపవలదు. యంత్రము నేడు మనుమని గొంతును అచ్చముగా అనుకరింపగలదు. “తాతా, నన్ను పోలీసులు పట్టుకొన్నారు, డబ్బు పంపుము” అని ఫోను వచ్చినచో దానిని పెట్టివేసి, మీకు తెలిసిన నంబరునకు మీరే తిరిగి చేయుడు. ఫోనులోనే నిర్బంధించు “డిజిటల్ అరెస్టు” మన చట్టములలో ఎక్కడను లేదు. మోసపోయినచో సిగ్గుపడి దాచవలదు. ఆలస్యము చేయక 1930 నంబరునకు తెలుపుడు.

పెద్దలారా, మన తాతలు హాలీని చూచి భయపడలేదు, నమ్మి మోసపోనులేదు. “హాలీయా, కల్దారా?” యని అడిగి, జవాబు విని, లెక్కవేసికొని చేయి చాచిరి. ఆ ప్రశ్నించు అలవాటే వారి రక్ష. నాణెము మారినది, లెక్కవేయువాడు మారినాడు. ప్రశ్న మాత్రము మారరాదు. కొత్త రూపాయి కాని, కొత్త యంత్రము కాని మన గడపలోనికి వచ్చినపుడు, “నీకు జవాబుదారి యెవరు?” అని మొదట అడిగి, పిమ్మట పీట వేయుదము.